మూడోరోజు ప్రార్థన

“ఉపవాసాల్లో మందు మింగితే పాపమా, డాక్టరమ్మా?” ముఖానికి శాలువా చుట్టుకున్న ముసలాయన అడిగాడు.

మానసిక వైద్యురాలు ఇరీనీ భగ్గుమంది. “నా దగ్గరికొచ్చే దమియానా కూడా ఇదే అడిగింది. మాత్రలు మానెయ్, ప్రార్థన చాలన్నాడట వాళ్ల చర్చి గురువు, ఆ అబూనా. మొన్న పిల్ల నైలు నదిలో దూకి చచ్చిపోయింది! ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి నా ముందు కూర్చోబెట్టండి, కడిగేస్తా.”

“కూర్చునే ఉన్నాడమ్మా.”

శాలువా జారింది. నల్లటి అంగీ, మెడలో తోలు సిలువ. అలవాటు కొద్దీ ఇరీనీ లేచి ఆయన చేతిని ముద్దు పెట్టుకోబోయింది. ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు.

“ఇవాళ ఆ పిల్ల ఇంట్లో మూడోరోజు ప్రార్థన. నేనే చేయించాలి. నోరు పెగలట్లేదు.”

గచ్చు మీద మోకరిల్లాడు.

“ఊరంతా పాపాలు చెప్పుకునేది నాకే తల్లీ. నాది నువ్వు విను.”