సరుకు భద్రం

గోదాము కప్పు జల్లెడలా కారుతోంది. యజమాని మాత్రం సరుకు చుట్టూ పిల్లలకోడిలా తిరుగుతున్నాడు.

"ఒక్క చుక్క పడిందా, కొంప మునిగినట్టే! తుప్పంటారు, బూజంటారు, మొత్తం వెనక్కి కొడతారు. కానివ్వరా!"

కానిస్తున్నవాడు ఆయన బావమరిది. అట్టపెట్టెలకు ప్లాస్టిక్ షీటు చుట్టి, గన్నుతో వేడిగాలి కొడుతున్నాడు. వేడి తగలగానే షీటు ముడుచుకుని పెట్టెకు బిగుసుకుపోతుంది. ఇక చీమ కూడా దూరదు. గోదాములో పొడిగా ఉన్న ఒక్క మూలనూ పెట్టెలకే ఇచ్చేశారు. పైనుంచి కారే నీళ్లు గన్ను మీద పడకుండా అతను వంగి, ధారంతా వీపున మోస్తున్నాడు.

న్యుమోనియాతో ఆస్పత్రిలో పడి లేచి పట్టుమని పది రోజులు కాలేదు. "మళ్లీ తడిశావో, ఈసారి నా చేతుల్లో ఉండదు" అని డాక్టరు చెప్పే పంపించాడు.

"బావా, ఆ షీటు ఓ ముక్క కోసివ్వు. నెత్తిన కప్పుకుంటా" అన్నాడు దగ్గుతూ.

"అది సరుక్కిరా! నువ్వేమన్నా కరిగిపోతావా?"

అంతలో అక్క టీ ఫ్లాస్కుతో వచ్చింది, నెత్తిన వంటింటి పళ్లెం బోర్లించుకుని. తమ్ముణ్ణి చూసి మొగుడి వైపు తిరిగింది.

"వాడి పెదాలు చూడండి, నీలంగా అయిపోయాయి! పోనీ ఒక్క పెట్టె విప్పితే ఏం పోయిందండీ?"

"విప్పుతావా? అమ్మే సరుకు ఇంట్లో వాడకూడదని మా వంశంలో నియమం. మా నాన్న చచ్చేదాకా ఒక్కటి ముట్టలేదు, తెలుసా?"

"తెలుసు. చలిజ్వరంతో పోయారు."

ఆయనకు ఆ మాట వినపడలేదు. తన బట్టతల మీద పడుతున్న ధారను తుడుచుకుని ఇంకో పెట్టె ముందుకు తోశాడు.

ఆఖరి పెట్టె అయ్యేసరికి బావమరిది వణుకుతూ గోడవారగా కూలబడ్డాడు. బావ ముందు పెట్టెలన్నీ తడిమి చూశాడు. తర్వాత అతని నుదురు తడిమాడు. పెనంలా కాలిపోతోంది.

"ఒరేయ్, జ్వరమొచ్చేసిందిరా" అన్నాడు మొదటిసారి కాస్త భయంగా. "లోడు వెళ్లిపోనీ, ఆస్పత్రికి పోదాం."

కుండపోత వానలో లారీ కదిలింది. తడిసి ముద్దయిన ఆ ముగ్గురి కళ్ల ముందే గేటు దాటి వెళ్లిపోయాయి, చుక్క నీరు తగలని రెండు వేల కొత్త గొడుగులు.