పక్క సీటు బస్తా

"తాతా, కాస్త సర్దుకుని కూర్చో. నన్ను గేరు మార్చనిస్తావా లేదా?"

డ్రైవర్ విసుక్కున్నాడు. పక్క సీట్లో ముసలాయన మోకాళ్లు దగ్గరకు లాక్కున్నాడు.

కార్ల పత్రిక వాళ్లు ఏ రెండు కార్లను పోల్చినా పక్క సీట్లో ఒక మనిషి ఉండాల్సిందే. ఒంటరిగా తోలితే ఏ కారైనా పరుగెడుతుందని వాళ్ల వాదన. ఒకప్పుడు ఇసుక బస్తా పెట్టేవారు. అది మలుపుల్లో దొర్లుతోందని, కొండ కింద మోటారు క్లబ్బులో ఊరికే కూర్చునే ఈ ముసలాయన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. పేరు మాత్రం బస్తాయే. పిలిస్తే ఆయనా పలికేవాడు.

ఈసారి పోటీ రెండు స్పోర్ట్స్ కార్ల మధ్య. ఎర్రది పెద్ద కంపెనీది. పసుపుది దాని ధరలో మూడో వంతు. డ్రైవర్ బావ ఒక రేకుల షెడ్డులో నలుగురు పనివాళ్లతో తయారుచేసిన కారు అది. ఈ చుట్టరికం పత్రికవాళ్లకు తెలియదు. వాళ్లు బాగుందని రాస్తే ఆర్డర్లు వస్తాయి. లేకపోతే షెడ్డుకు తాళమే.

"గెలవక్కర్లేదురా బామ్మర్దీ. ఎర్రదాని వెనకాలే కనపడినా చాలు" అన్నాడు బావ పొద్దున తాళంచెవి ఇస్తూ.

ముందు ఎర్ర కారు.

కొండ మీద మంచు. దగ్గరికి వెళ్లేదాకా మలుపు కనపడటం లేదు. బస్తా కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు.

"కుడి... ఇంకా... ఇంకా... వదులు. ఎడమ, పొడుగు. తొక్కు."

"ఏంటి తాతా ఆ సణుగుడు?"

"అలవాటు బాబూ. నోరూరుకోదు."

"నీ నోటికో బ్రేకుంటే బాగుండేది."

ముసలాయన నవ్వాడు. గొణుగుడు మాత్రం ఆపలేదు.

కొండపైన స్టాప్‌వాచీ పట్టుకున్న ఎడిటరమ్మ ఎగిరి గంతేసింది.

"వెంట్రుకవాసిలో రికార్డు తప్పిపోయింది కదయ్యా!"

ఆ కొండ మీద రికార్డు చాలా పాతది. దాన్ని కొట్టిన ఛాంపియన్ ఫోటో క్లబ్బు గోడ మీద ఉంది. చేతిలో కప్పు, మొహంలో ధీమా, భుజం మీద ఎవరివో వేళ్లు. ఆ ఫోటోకు సెల్యూట్ కొట్టకుండా డ్రైవర్ ఏ కారూ ఎక్కడు.

"ఈ మంచులో ఎలా తోలావ్?"

"నేను తోలిందేం లేదు మేడమ్. ఈ కారుకు మలుపు ముందే తెలిసిపోతోంది."

పాపం, తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పాడు. చెప్పాకే బావ గుర్తొచ్చాడు.

కిందికి దిగారు. బస్తా పసుపు కారు తలుపు తీయబోతే డ్రైవర్ అడ్డం నిలబడ్డాడు.

"నువ్వొద్దు తాతా."

"మంచు ఇంకా దిగింది బాబూ. నేనూ వస్తాను."

"నీకు దణ్ణం పెడతాను. నీ బరువుకు మా బావ కొంప మునుగుతుంది."

ముసలాయన ఎదుటే డ్రైవర్ ఫోను తీశాడు.

"మేడమ్, తాతకు కళ్లు తిరుగుతున్నాయట. ఎక్కనంటున్నాడు."

"సరే, ఒక్కడివే రా. బరువు తగ్గితే చిన్న కారుకే లాభంలే."

ముసలాయన ఆ అబద్ధం విన్నాడు. కాదనలేదు. వెళ్లి రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"మెల్లగా వెళ్లు బాబూ" అన్నాడు, అంతే.

పసుపు కారు తేలిగ్గా ఉంది. చెప్పినట్టు వింటోంది. ఏం చెప్పాలో డ్రైవర్‌కే తెలియలేదు. ఒకచోట బ్రేకు ముందే తొక్కాడు, ఇంకోచోట ఆలస్యంగా తొక్కాడు. ప్రతి మలుపూ మీద పడ్డట్టే వచ్చింది. అతను పైకి చేరేసరికి ఎడిటరమ్మ స్టాప్‌వాచీ చూడటం మానేసి టీ తాగుతోంది.

పత్రికలో వచ్చింది: "పసుపు కారు ధర మూడో వంతు. పనితనం అంత కూడా లేదు. ఎర్ర కారుకు మలుపు ముందే తెలుస్తుంది. దీనికి మలుపులోకి వచ్చాక కూడా తెలియదు."

షెడ్డుకు తాళం పడింది. పనివాళ్లు తలో దిక్కుకూ పోయారు. అక్క ఫోను ఎత్తడం మానేసింది. బావ మాత్రం, "నీ చేతనైంది నువ్వు చేశావులేరా" అన్నాడు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఎవరైనా కొంటారేమోనని డ్రైవర్ పసుపు కారును క్లబ్బుకు తీసుకొచ్చాడు. ఎవరూ దాని మొహం చూడలేదు. కాపలాదారు ఒక్కడే చుట్టూ తిరిగి చూశాడు.

"బస్తా తాత ఏడీ?"

"పోయాడండీ. ఆ రోజు మీరు దిగొస్తారని ఆ మంచులోనే కూర్చుండిపోయాడు. దగ్గు పట్టుకుంది. మళ్లీ లేవలేదు."

 ఆ రోజు డ్రైవర్ కొండ అవతలి దారిన దిగి ఇంటికి వెళ్లిపోయాడు. పిట్టగోడ సంగతే గుర్తు రాలేదు.

కాపలాదారు లోపల్నుంచి ఒక పటం తెచ్చాడు. "ఆయన గదిలో ఈ పటం ఒక్కటే ఉంది. మన గోడ మీదున్నదే. మనవాళ్లు ఫ్రేములో పట్టలేదని సగం కత్తిరించారు. ఇది పూర్తిది."

డ్రైవర్ పటం అందుకున్నాడు. అదే ఛాంపియన్, అదే కప్పు, భుజం మీద అవే వేళ్లు. ఆ చెయ్యి వెంబడే చూపు జరిపాడు. చంకలో హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్నాడు, పడుచు వయసు బస్తా.

"ఈయన... పోటీల్లో తోలేవాడా?"

"తోలేవాడు కాదండీ, పక్క సీటే. సాగనంపడానికి వచ్చిన పాత మెకానిక్ చెప్పాడు" అంటూ కాపలాదారు పటం మీద దుమ్ము తుడిచాడు. "ఆ ఛాంపియన్‌గారికి అప్పటికే చూపు ఆనేది కాదట, ఆ రికార్డంతా ఈయన నోటిమాట మీదే కొట్టాడట."