ఎండ తగిలిన రీలు

ఆ ఆదివారం కొలంబస్ పడవ ఊయల ఎక్కడానికి ఎవరినీ రానివ్వడం లేదు. పార్కులో మిగతావన్నీ తిరుగుతున్నాయి. దాని చుట్టూ మాత్రం నీలం టార్పాలిన్ కట్టేశారు. ఉదయ్‌భాస్కర్ ఆ టార్పాలిన్‌ని ఒక చేత్తో పైకెత్తి, మెడలోని కెమెరాని కంటికి ఆనించాడు.

నరసాపురంలో వాళ్ల నాన్న స్టూడియో నడిపిన రోజుల నాటి రీలు కెమెరా అది. ఇటుకంత బరువు. నొక్కితే ‘టక్’మని చుట్టుపక్కల అందరికీ వినిపిస్తుంది.

పోయిన నెల ఊగుతూ ఊగుతూనే ఆ కొలంబస్ తెగి పడింది. ఇద్దరు పోయారు. తాగి స్పీడు పెంచాడని పార్కు ఓనరు గణేష్‌బాబు చెప్పడంతో, దాన్ని నడిపే ప్రవీణ్‌ని పోలీసులు తీసుకెళ్లారు. పడవని మోసే ఇనుప షాఫ్ట్ విరిగిందని ప్రవీణ్ మొత్తుకున్నాడు. మర్నాడు అధికారులు వచ్చి చూస్తే షాఫ్ట్ నిక్షేపంలా ఉంది. ప్రవీణ్ ఇంకా జైల్లోనే ఉన్నాడు. అతను ఉదయ్‌భాస్కర్ చెల్లెలు పావని భర్త.

"ఈ రోజుల్లో రీలు కెమెరా ఏంటండీ?" ఐస్‌క్రీం తింటున్న పెద్దాయన ఒకాయన అడిగాడు.

"ఫోన్లో తీస్తే మార్చేశారంటారండి. నెగెటివ్‌ని ఎవడూ కాదనలేడు!" ఉదయ్‌భాస్కర్ గట్టిగా అన్నాడు.

విజిల్ మోగింది.

కాపలావాళ్ల పెద్ద చిట్టియ్య ముందొచ్చాడు. "ఫోటోలు తియ్యకూడదని బోర్డు కనపళ్లేదా?"

"కనపడింది. తీస్తాను. ఏం చేస్తావ్?"

మొదటి దెబ్బ దవడ మీద పడింది. రెండోది మోకాలి వెనక. కింద పడినా ఉదయ్‌భాస్కర్ కెమెరా వదల్లేదు. పొట్ట కింద దాచుకుని ముడుచుకుపోయాడు. వీపు మీద లాఠీలు దిగాయి. ఎవరో బూటుతో అతని వేళ్లు తొక్కారు. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది.

"చంపేస్తున్నారండీ!" అని పార్కంతా దద్దరిల్లేలా అరిచాడు.

గేటు దగ్గరివాళ్లూ వచ్చారు. వెనక షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడూ పరిగెత్తుకొచ్చాడు. ఒక తల్లి పిల్లాడి కళ్లు మూసి పక్కకి లాక్కుపోయింది. నీళ్ల జారుడుబల్ల దగ్గర పాట మోగుతూనే ఉంది.

గణేష్‌బాబు వచ్చి కిందికి వంగి చూశాడు. "ఓహో, ప్రవీణ్ బావమరిదివి కదూ!" అని నవ్వాడు. కెమెరా లాక్కుని వెనక మూత తెరిచాడు. రీలు మొత్తం బయటికి లాగి, ఎండలో రిబ్బనులా ఆడించాడు.

"ఇప్పుడు చూపించుకోవయ్యా నీ నెగెటివ్."

కెమెరాని సిమెంటు దిమ్మకేసి కొట్టాడు. నాన్న కెమెరా అద్దం ముక్కలు ఉదయ్‌భాస్కర్ ముఖం మీద పడ్డాయి.

ఈడ్చుకెళ్లి గేటు బయట పడేశారు. కాపలావాళ్లు చేతులు దులుపుకుని ఎవరి చోటికి వాళ్లు బయల్దేరారు.

ఉదయ్‌భాస్కర్ ఒక పక్కకి ఒరిగి లేచాడు. నెత్తురు ఉమ్మాడు. రోడ్డు వైపు వెళ్లలేదు. మళ్లీ గేటులోకి దూసుకొచ్చి గణేష్‌బాబు చొక్కా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ముఖం మీద గుద్దాడు.

"పిచ్చెక్కిందేంట్రా వీడికి!" చిట్టియ్య కేక పెట్టాడు. "అందరూ రండ్రా!"

వెళ్తున్నవాళ్లంతా వెనక్కి తిరిగారు. ఈసారి లెక్క చూసుకోలేదు. పక్కటెముక విరిగింది. ముందు పన్ను ఊడింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. గణేష్‌బాబు ముక్కు పట్టుకుని "వదలొద్దు, వదలొద్దు" అంటూనే ఉన్నాడు. ఉదయ్‌భాస్కర్ మాత్రం దొరికిన కాలినల్లా కౌగిలించుకుని, ఎవర్నీ కదలనివ్వకుండా దెబ్బలు తిన్నాడు.

చివరికి వాళ్లే అలిసిపోయారు. స్పృహ ఉందో లేదో చూసి, హైవే పక్కకి మోసుకెళ్లి వదిలేశారు.

"రీలు పోయింది, కెమెరా పోయింది. ఇంకేం పీకుతాడండీ?" అన్నాడు చిట్టియ్య.

కాపలావాళ్లంతా అన్నని కొడుతున్నంత సేపూ వెనక షెడ్డులో గోనెల కింద దాచిన విరిగిన షాఫ్ట్‌ని ఫోన్లో ఫోటోలు తీసిన పావని, హైవే అవతల ఆటోలో కూర్చుని వాటిని అప్పటికే ప్రవీణ్ లాయరుగారికి పంపేసింది.