దక్కిన పాదం

"ఎడమకాలు నిలబెడతామంటా ఉండారు అత్తా. కుడికాలు మాత్రం మోకాలి కింద తీసేయాలంట."

తిలగవతి ఆ మాట అనగానే మారమ్మ ఆసుపత్రి వరండాలో అట్లే కూలబడింది.

పొద్దున పెన్నాగరం దగ్గర, ఏటవాలు చేనులో రాళ్ళ ట్రాక్టరు వెనక్కి జారి బోల్తాపడింది. నడుపుతున్న మాదేష్ కుడి పిక్క మీదుగా, పాదానికి తగలకుండా, చక్రం ఎక్కి దిగింది. ఎడమ పాదం మీద బండ పడింది. ధర్మపురికి తెచ్చేదాకా ఆ పాదాన్ని తిలగవతి చీరకొంగుతో చుట్టి పట్టుకునే ఉంది. భర్త పాదం అని గుర్తుపట్టడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"ఆ నుజ్జుని ఎట్ల నిలబెడతారే?" అంది మారమ్మ.

"డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. నా చెవుల్లోకి ఏమీ పోలేదత్తా. నీ కొడుకు మాత్రం అంతా విన్నాడు. 'నా కాలి మీద నేను నిలబడితే చాలు, చేయండి' అన్నాడు."

మారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండ వాలేదాకా ఆపరేషన్ గది తలుపు తెరుచుకోలేదు. అలసటతో కళ్ళు పీక్కుపోయి బయటికి వచ్చిన డాక్టర్ షర్మిళ, తిలగవతిని చూసి నవ్వింది.

"రామ్మా. నీ చేత్తో నువ్వే తాకి చూడు."

మాదేష్ మత్తులో ఉన్నాడు. దుప్పటి కుడివైపు చదునుగా ఉంది. తిలగవతి అటు చూడలేకపోయింది. డాక్టరు ఎడమవైపు దుప్పటి తీసింది. చీలమండ పైన చుట్టూరా కుట్లు. వాటి కింద నిండైన పాదం. మడమ, వేళ్ళు, గోళ్ళు. గీత కూడా పడలేదు!

వేలితో తాకింది. వెచ్చగా ఉంది.

డాక్టరు గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన గోటి కిందికి ఎరుపు పాకుతూ వచ్చింది.

"రక్తం పారతా ఉంది చూడు. వెంట్రుక కంటే సన్నని దారంతో రక్తనాళాలు కుట్టినాం."

తిలగవతి రెండు చేతులూ జోడించింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"దేవుడికి కూడా కాదమ్మా ఇది! పొద్దున నా కొంగులో ముద్దగా ఉన్నిందే. దాన్ని మళ్ళీ ఇట్ల ఎట్ల చేసినారు?"

డాక్టరు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"అది దక్కలేదమ్మా."

తిలగవతి ఉలిక్కిపడి, వంగి వేళ్ళవైపు చూసింది. బొటనవేలు లోపలివైపు కాదు, బయటివైపు ఉంది.

ఎడమకాలి చివర ప్రాణంతో ఉన్నది మాదేష్ కుడి పాదం.