యాభై మంది కావాలి

పొద్దున పదిన్నరకు షామియానా కింద వంద కుర్చీలు ఉన్నాయి. వాటిలో ఏడుగురు కూర్చున్నారు.

హెడ్మాస్టర్ వెంకట్రావు మూడుసార్లు లెక్కపెట్టాడు. ఏడుగురే.

1979 జనవరి, శనివారం. బాన్సువాడలో ఆ బడి పెట్టాక అది మొదటి పూర్వ విద్యార్థుల సమ్మేళనం. రెండు రోజుల కార్యక్రమం అచ్చు వేయించారు. శనివారం ఉపన్యాసం, చర్చ, బడి సందర్శన, భోజనాలు. ఆదివారం నిజాంసాగర్ ప్రయాణం.

పదో తరగతి మూడేళ్లుగా వరండాలో నడుస్తోంది. రెండు గదులు కావాలని వెంకట్రావు అర్జీ పెట్టాడు. నిజామాబాద్ నుంచి ఆఫీసరు జవాబు రాశాడు. "ఆ బడి మీద ఎవరికైనా శ్రద్ధ ఉందో లేదో తెలియాలి. పాత విద్యార్థులను యాభై మందిని పోగుచేయండి. వచ్చి చూస్తాను. ఒక్కరు తగ్గినా గదుల మాట ఎత్తవద్దు."

యాభై ఆరు మంది వస్తామని కార్డులు రాశారు. వాళ్ల పేర్లతో బ్యాడ్జీలు తయారయ్యాయి. శుక్రవారం కాలువకు నీళ్లు వదిలారు. బీర్కూర్, కోటగిరి వైపు అందరికీ నాట్లు. నీటి వంతు వదులుకుని ఉపన్యాసం వినే రైతు ఉండడు.

"పదకొండింటికి జీపు వచ్చేస్తుంది. ఏం చేద్దాం గంగయ్యా?"

అటెండర్ గంగయ్యకు ఆ బడిలో ఇరవై రెండేళ్ల సర్వీసు.

"ఇనస్పెక్షన్ నాడు ఏం జేస్తం సార్? పిల్లలు తక్కువైతే పక్కూరి పిల్లల్ని తెచ్చి కూసోవెడ్తం. గదే జేద్దాం."

"వీళ్లు పిల్లలు కాదయ్యా."

"పిట్లం బస్సు ఖరాబైంది. మల్ల బస్సు నాలుగింటికే. బస్టాండ్ల నలభై అయిదు మంది ఉత్తగనే గూసున్నరు. అన్నం పెడ్తమంటె వస్తరు."

వెంకట్రావు వరండా వైపు చూశాడు. "పరుగెత్తు," అన్నాడు.

పదకొండుకు ఐదు నిమిషాలు ఉండగా కుర్చీలు సగం నిండాయి. గంగయ్య బ్యాడ్జీలు పంచాడు. మేకను అమ్ముకోవడానికి పిట్లం పోతున్న ముత్తెన్న 'సాంబమూర్తి, 1961' అయ్యాడు. మేకను వాలీబాల్ స్తంభానికి కట్టారు. కూతురి ఇంటికి పోతున్న పెంటవ్వ 'లక్ష్మీకుమారి, 1964' అయింది.

జీపు వచ్చింది. ఆఫీసరు దిగి గేటు తనే తీశాడు. కోటు చేతులు వేళ్ల దాకా ఉన్నాయి. వెంకట్రావు చేతులు జోడించేలోపే ఆయన జోడించాడు. ముందు వరసలో కుర్చీ చూపిస్తే, కూర్చోమని రెండోసారి అన్నాకే కూర్చున్నాడు.

"ఇంత నిరాడంబరుణ్ణి నా సర్వీసులో చూడలేదు," అని వెంకట్రావు గంగయ్య చెవిలో అన్నాడు.

ఉపన్యాసం రామబ్రహ్మంది. 1961 బ్యాచ్. హైదరాబాద్‌లో లెక్చరర్. నిజంగా వచ్చిన ఏడుగురిలో ఒకడు. విద్య పరమార్థం గురించి గంట మాట్లాడాడు. మధ్యలో గొంతు ఎండి "మంచినీళ్లు" అన్నాడు. ముందు వరసలో ఆఫీసరు సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

వేదిక దిగి వస్తూ రామబ్రహ్మం ఒక బ్యాడ్జీ చదివాడు. ముత్తెన్నను కౌగిలించుకున్నాడు.

"ఒరేయ్ సాంబా! ఎంత నల్లబడ్డావురా!"

"ఎండల తిరుగుడాయె."

"నా జామెట్రీ బాక్సు కాలువలో పారేశావు. గుర్తుందా?"

ముత్తెన్న ఆఫీసరు వైపు చూశాడు. తర్వాత వంటల పొయ్యి వైపు చూశాడు.

"మాఫ్ జెయ్యన్నా. చిన్నతనం."

రామబ్రహ్మం కళ్లు తుడుచుకున్నాడు. "కోస్తా నుంచి వచ్చినా వీడికి ఇక్కడి భాష పట్టుబడిందండీ," అని అందరికీ చెప్పాడు.

తర్వాత చర్చ. 'పాఠశాల అభివృద్ధికి పూర్వ విద్యార్థులు ఏం చేయాలి?' ఎవరూ లేవలేదు. వెంకట్రావు చలికాలంలో చెమట తుడుచుకున్నాడు. చివరికి పెంటవ్వ లేచింది.

"నాకు మాట్లాడరాదు సార్. పోరగాండ్లు వరండల గూసున్నరు. ఇప్పుడంటే చలి, ఓర్సుకుంటరు. వానకాలం ఎట్ల? మా బర్రెకు సుత కొట్టముంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసరు అందరికంటే ఆఖరున ఆపాడు.

సందర్శన మొదలైంది. ఆఫీసరు గుమ్మం పక్కన నిలబడి, లోపలికి పోతున్నవాళ్లను వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. యాభై రెండు. వెంకట్రావు ఊపిరి పీల్చుకుని సందర్శకుల పుస్తకం తెరిచాడు.

"సంతకం ఆఫీసులోనే," అన్నాడు ఆఫీసరు.

వెంకట్రావు విస్తళ్లు వేయించడానికి వెళ్లాడు. అప్పుడు మేక అరిచింది. ముత్తెన్న జనంలోంచి తప్పుకుని దాని దగ్గరికి నడిచాడు. ఆఫీసరు వెనకే వచ్చాడు.

"నీ బ్యాడ్జీ మీద ఏం రాసుంది? చదువు."

ముత్తెన్న తల వంచి అక్షరాల వైపు చూశాడు.

"నాకు సదువు రాదు సార్. మేం బస్టాండోళ్లం. మమ్ముల ఏమన్న అనుండ్రి గని గదులు ఆపకుండ్రి. ముసలమ్మ సెప్పింది అబద్ధం గాదు."

"ఏమని తోలుకొచ్చిండ్రు నిన్ను?"

"అన్నం పెడ్తమన్నరు."

ఆఫీసరు చుట్టూ చూశాడు. కోటు విప్పి వాలీబాల్ స్తంభానికి తగిలించాడు. మేక పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నీదే నయం తమ్మీ, నీకు అన్నమన్న పెడ్తమన్నరు, మా సారైతే గీ కోటు నాకు తొడిగిచ్చి, 'నా కుర్చీల నువ్వు గూసొని తలకాయలు లెక్కవెట్టుకరా పో' అని ఉత్తగనే తోలిండు."