ఎవరి కొలత

"ఆ షాపు కోటుతో సీలు వేటకొస్తావా? లోపల చెమట పట్టిందంటే మంచు మీదే గడ్డకట్టి చస్తావ్, పిత్సియులా!" అన్నాడు నాన్న.

"చస్తే చస్తా. వస్తా."

"కారిబూ జింక తోళ్లు కావాలే, రెండు పొరలు. లోపలి బొచ్చు ఒంటికి, పైబొచ్చు గాలికి. నీకెవరు కుడతారు?"

అమ్మ లోపలికి వెళ్లింది. ఏటా నాన్నకు కుట్టినట్టే, మంచు పడకముందు నుంచీ కుడుతూ వచ్చిన కొత్త తోలుకోట్ల జత తెచ్చి మా మధ్య పడేసింది.

నాన్న గర్వంగా తల దూర్చాడు. భుజాలు పట్టలేదు.

"ఇరవై ఏళ్లు కంటిచూపుతోనే కొలిచావు కదే! ఇప్పుడు కళ్లు కనపడట్లేదా?"

"శుభ్రంగా కనపడుతున్నాయి. ఈసారి నేను కొలిచింది నిన్నేనని ఎవరన్నారు?"

అమ్మ కోటు లాక్కుని నా మీదికి విసిరింది.

"తొడుక్కోవే. కుక్కలు బండికి కట్టే ఉన్నాయి."