ఫాండ్యూ గోకుడు

"ఓడిల్, ఇవాళ మన జెనీవాని పరాయి ఊరివాళ్ళలా చూద్దామా?" అన్నాడు మా ఆయన ఎడ్మోన్.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మనిషికి పుట్టిన మొదటి సరదా అది. పూల గడియారం ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీశాడు. అందులో నా తల సగమే పడింది. సరస్సులో లేచే నీళ్ళ ధారని చూపించి, "ఎంత ఎత్తో చూడు!" అన్నాడు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు దాన్ని చూసేది, గాలి ఎటుందో, తడవకుండా ఎటు నడవాలో తెలుసుకోవడానికే.

"నోరు మూసుకుని నడు. తెలిసినవాళ్ళెవరైనా వింటే పరువు పోతుంది" అన్నాను.

తరవాత స్టీమరెక్కించాడు. చలికి నా ముక్కు కారుతుంటే కొండల పేర్లు చెప్పాడు. అవీ తప్పులే.

చివరికి రేవు పక్కన ఫాండ్యూ తినడానికి కూర్చున్నాం. ఎప్పటిలాగే ఫోర్కుకి గుచ్చి ముంచిన రొట్టెముక్కని కరిగిన చీజ్ గిన్నెలో పడేసుకున్నాడు.

"ఫోర్కు పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావు నువ్వు?" అన్నాను.

గిన్నె ఖాళీ అయింది. అడుగున కరకరలాడే మాడు కోసమే మావాళ్ళు ఫాండ్యూ తింటారు. మా ఇంట్లో ఆ గోకుడంతా ఎడ్మోన్‌దే. పెళ్ళిరోజున కూడా నాకో పెచ్చు మిగల్చలేదు, తిండిపోతు.

ఇవాళ దాన్ని కత్తితో జాగ్రత్తగా లేపి, మొత్తం నా పళ్ళెంలో పెట్టాడు.

"నువ్వు తిను" అన్నాడు, నా మొహం చూడకుండా.

తిన్నాను. ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది దీనికోసమా అనిపించింది.

"ఆవిడ పేరేంటి?" అన్నాను.

ఎవరి పేరని ఎడ్మోన్ అడగలేదు.